గద్దె ఎవరిది, కాపలా ఎవరిది?

రెండేళ్ళ కిందట డిసెంబరులో అరకు వెళ్తూ అనంతగిరి దాటాక ఒక టీ కొట్టు దగ్గర ఆగాం. కొట్టు వెనకాల వాలులో కాఫీ మొక్కలు, చెట్ల మీదికి పాకిన మిరియం తీగలు. తోట మీదేనా అని అడిగితే ఆ కొట్టావిడ లోపలికెళ్ళి లామినేషన్ చేయించిన కాగితం ఒకటి తెచ్చి చూపించింది. అటవీ హక్కుల పట్టా. అందులో ఆవిడ పేరూ ఉంది, భర్త పేరూ ఉంది.

"ఇద్దరి పేర్లూ వేయించుకున్నారా అమ్మా?" అన్నాను.

"మేం వేయించుకోడం ఏటి బాబూ, ఆళ్ళే అలగ ఇచ్చారు. అమ్ముకోడానికి లేదు. మా తరవాత పిల్లలకే."

అమ్ముకోడానికి లేదు, పిల్లలకే. ఈ రెండు మాటలూ వినగానే నాకు కొండ కింద ఉన్న కోట గుర్తొచ్చింది. నేను పెరిగింది విజయనగరంలో. మా ఊళ్ళో 'అమ్మకూడదు, వంశంలోనే ఉండాలి' అన్నమాట చుట్టూ రెండు వందల ఏళ్ళుగా వ్యాజ్యాలు నడుస్తున్నాయి. ఆ వరసలో ఇటీవలిది మాన్సాస్ ట్రస్టు కేసు. 2020లో మొదలై 2021లో హైకోర్టు తీర్పుతో పత్రికల మొదటి పేజీకి ఎక్కింది. దాన్ని చాలామంది బాబాయికీ అన్నకూతురికీ మధ్య తగువుగా చూశారు. ఇంకొందరు రెండు పార్టీల తగువుగా చూశారు. ఆ రెండూ అబద్ధం కావు. కానీ ఆ తగువు వేళ్ళు వెతుక్కుంటూ పోతే ఈ కొండల్లోకే వస్తాం.

1794కి వెళ్దాం. బకాయిల మీద కంపెనీకీ విజయనగరం రాజు విజయరామరాజుకీ చెడింది. రాజ్యం వదిలి, నెలనెలా భరణం పుచ్చుకుంటూ మచిలీపట్నంలో ఉండమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఆ ఏడు జులై 10న పద్మనాభం దగ్గర జరిగిన పోరులో చనిపోయాడు. ఈ కథ విజయనగరంలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఆ తరవాత జరిగింది అంతగా చెప్పుకోరు. చనిపోయిన రాజు కొడుకు నారాయణబాబు కొండల్లోకి పారిపోయాడు. కొండ జమీందారులు ఆ పిల్లవాణ్ణి దాచి, అతని పక్షాన నిలబడ్డారు. కంపెనీ చివరికి రాజీకొచ్చింది. రాజ్యాన్ని కుదించి అతనికే తిరిగిచ్చింది. అదే అదనుగా జయపురం వంటి కొండ సంస్థానాలను విజయనగరం చేతికింద నుంచి తప్పించి, నేరుగా తనకే కప్పం కట్టేట్టు చేసుకుంది.

అంటే విజయనగరం గద్దె నిలబడింది ఒక దస్తావేజు వల్ల కాదు. 'వీడే మా వారసుడు' అని కొండల్లో కొందరు నిలబడటం వల్ల. దస్తావేజు ఆ తరవాత వచ్చింది. 1802 శాశ్వత పరిష్కారంలో ఏడాదికి 5 లక్షల రూపాయల పేష్కష్ నిర్ణయించి కంపెనీ సనదు ఇచ్చింది. ఆ నాటి నుంచి వారసుణ్ణి తేల్చే పని కొండల నుంచి కచేరీకి మారింది.

కచేరీ వారసుణ్ణి తేలిస్తే ఏమవుతుందో చూడటానికి ఇవే తూర్పు కనుమల్లో రెండు ఉదాహరణలున్నాయి.

మొదటిది గొలుగొండ. ఇప్పటి నర్సీపట్నం మీద ఉన్న కొండ ప్రాంతం. 1836లో ప్రభుత్వం అక్కడి జమీందారుని తప్పించి, పాత జమీందారు వితంతువుని గద్దె మీద కూర్చోబెట్టింది. కొండల్లో గ్రామాల గుంపుకి ముఠా అని పేరు, దాని పెద్ద ముఠాదారు. ఆ ముఠాదారులను ఎవరూ ఒక మాట అడగలేదు. వాళ్ళు ఆవిణ్ణి అడవిలోకి ఎత్తుకుపోయి చంపేశారు. మరుసటేడు బకాయిల కింద జమీందారీని వేలం వేస్తే ప్రభుత్వమే పాడుకుంది.

రెండోది రంప. అక్కడి మన్సబుదారు రామభూపతి 1835లో చనిపోయాడు. ఒక కూతురుంది. పెళ్ళికాని సంబంధం వల్ల పుట్టిన కొడుకు ఒకడున్నాడు. మొదట ముఠాదారులు కూతురినే ఒప్పుకున్నారు. పెళ్ళి చేసుకోనని ఆవిడ మాటిచ్చింది. కొన్నాళ్ళకే ఆవిడ శీలం మీద అనుమానం లేవదీసి అక్కనీ తమ్ముణ్ణీ ఇద్దర్నీ తరిమేశారు. గొడవలు సాగి సాగి, 1848లో ఆ తమ్ముణ్ణే మన్సబుదారుగా ముఠాదారులు ఒప్పుకునేట్టు సర్కారు ఒక ఒప్పందం చేయించింది. కప్పం ఎంత కట్టాలో కూడా అందులో రాశారు. అతను ఆ హద్దు దాటి, కల్లు మీద చిగురుపన్నుతో సహా రకరకాలుగా పిండాడు. 1879లో రంప తిరగబడింది. ఆ తరవాత మన్సబుదారు పదవే పోయింది. ప్రభుత్వం ముఠాదారులతో నేరుగా ఒప్పందాలు రాసుకుంది.

ఈ రెండు కథల్లోనూ దెబ్బతిన్నది ఆడవాళ్ళే. కాబట్టి కొండ ముఠాదారులేదో ప్రజాస్వామ్యవాదులని నేను చెప్పబోవడం లేదు. వాళ్ళూ పెద్దలే, వాళ్ళవీ వారసత్వ పదవులే. ఆడదాని పెత్తనం అనేసరికి ఒకచోట కత్తి తీశారు, ఇంకోచోట నింద వేశారు. కానీ ఒక సంగతి దాటవేయలేం. పదవికి పైనుంచి సనదు ఎంత అవసరమో, కిందనుంచి సమ్మతి అంత అవసరమని సర్కారుకి కూడా తెలిసొచ్చింది. తెలిసింది కాబట్టే 1848లో ముఠాదారుల ఒప్పుదల కోసం అంత పాటుపడింది. మైదానంలో ఈ రెండో కాలు మెల్లగా విరిగిపోయింది.

అక్కడ ప్రశ్న వేరుగా తయారయింది. జమీందారీ పెద్దకొడుకుకే మొత్తంగా వెళ్తుంది, పంచడానికి వీల్లేదు. ఇదే అవిభాజ్య ఎస్టేటు. పూర్వం సైన్యం నడపడానికి, తరవాత పేష్కష్ కట్టడానికి ఒక్కడే జవాబుదారీ ఉండాలి కాబట్టి ఈ ఏర్పాటు. బాగానే ఉంది. మరి పంచకూడనిదాన్ని ఆ ఒక్కడూ అమ్మేయొచ్చా? 1899లో పిఠాపురం కేసులో ప్రివీ కౌన్సిల్, వంశాచారం అడ్డు లేకపోతే అతను ఇష్టమొచ్చిన వారికి రాసివ్వొచ్చని తేల్చింది. గుండె గుభేలుమన్న ప్రభుత్వం 1904లో మద్రాసు అవిభాజ్య ఎస్టేట్ల చట్టం తెచ్చి, అందులో జాబితాకెక్కిన జమీందారుల చేతులు కట్టేసింది. తన తదనంతరం చెల్లేట్టుగా ఆస్తిని ఇష్టం వచ్చినట్టు తెగనమ్మడానికి లేదు.

నేను సాఫ్ట్‌వేర్ పనివాణ్ణి, నాకు అర్థమయ్యే భాషలో చెప్పుకుంటాను. ఒక సిస్టమ్‌లో అడ్మిన్ ఉంటాడు. అన్ని తాళాలూ అతని దగ్గరుంటాయి. తాళాలున్నంత మాత్రాన సిస్టమ్ అతనిది కాదు. 1904 చట్టం జమీందారుని ఓనర్ స్థానం నుంచి అడ్మిన్ స్థానానికి దించే ప్రయత్నం. కానీ ఆ అడ్మిన్ ఎవరి కోసం కాపలా కాయాలి? చట్టం జవాబు: తన తరవాతి అడ్మిన్ కోసం. రైతు, కౌలుదారు, గుడి, బడి ఆ వాక్యంలో లేరు.

1937లో అలక్ నారాయణ గజపతి చనిపోయేనాటికి పెద్దకొడుకు విజయరామ గజపతిరాజుకి పదమూడేళ్ళు. తరవాత పీవీజీ రాజుగా అందరికీ తెలిసింది ఆయనే. తమ్ముడు విశ్వేశ్వర గజపతిరాజు ఆస్తి పంపకం కోసం దావా వేశాడు. ఎస్టేటులో భాగమైనదంతా అన్నకే, కానిదాంట్లో తమ్ముడికి వాటా. అందుకని ఏ భవనం, ఏ నగ, ఏ వస్తువు ఎస్టేటులో కలిసింది, ఏది కలవలేదు అని కోర్టులు ఒక్కొక్కటే తూచాయి. ఈ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1963లో తీర్పు వచ్చింది.

తమాషా ఏమిటంటే, ఆ తీర్పు నాటికి ఎస్టేటే లేదు. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చి జమీందారీలను ఎత్తేసింది. పేష్కష్ లేదు, సైన్యం లేదు, జవాబుదారీగా ఒక్కడే ఉండాల్సిన కారణం ఒక్కటీ లేదు. అయినా 'పెద్దవాడికే' అన్న సూత్రం మిగిలింది. అది ఇంకో పాత్రలోకి ఒలికింది. ఆ పాత్ర పేరు ట్రస్టు.

ఇక్కడ పీవీజీ రాజుకి ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వాలి. ఆయన సోషలిస్టు. జమీందారీ పోయిందని ఏడుస్తూ కూర్చున్న మనిషి కాదు. 1958 నవంబరులో తండ్రి పేరు మీద మహారాజా అలక్ నారాయణ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ అండ్ సైన్స్ స్థాపించాడు. మనం మాన్సాస్ అని పిలిచేది దాన్నే. తాతల నాటి కోటనీ, వేల ఎకరాల భూముల్నీ దానికి రాసిచ్చాడు. మొత్తం 14 వేల ఎకరాలకు పైనే అని పత్రికలు రాస్తుంటాయి. 1879లోనే కాలేజీ స్థాయికి ఎదిగిన మహారాజా కాలేజీ, సంస్కృత కళాశాల, తరవాత వచ్చిన మహిళా కళాశాల, ఇంజనీరింగ్ కాలేజీ ఇవన్నీ ఈ గొడుగు కిందవే. మా ఇంట్లో రెండు తరాలు ఏదో ఒక రకంగా ఆ గొడుగు నీడన చదువుకున్నవాళ్ళే. మా ఊళ్ళో చాలా ఇళ్ళ మాట అదే. సింహాచలం దేవస్థానంతో పాటు వందకు పైగా గుళ్ళకు ఆ కుటుంబం అనువంశిక ధర్మకర్తలు కూడా.

కానీ ఆ ట్రస్టు దస్తావేజులో అధ్యక్ష పదవి గురించి ఒక మాటుంది. వ్యవస్థాపకుడి తరవాత ఆ వంశంలో పెద్దవాడైన మగవాడు. 1904 నాటి ఎస్టేటు సూత్రం, 1958 నాటి ధర్మసంస్థలో అలాగే కూర్చుంది. అరవై ఏళ్ళు పైబడి దాన్ని ఎవరూ ప్రశ్నించాల్సిన పని పడలేదు. 1995లో పీవీజీ రాజు పోయాక పెద్దకొడుకు ఆనంద గజపతిరాజు, 2016లో ఆయన పోయాక రెండోకొడుకు అశోక్ గజపతిరాజు అధ్యక్షులయ్యారు.

2020 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ఆనంద గజపతిరాజు కుమార్తె సంచయితను అధ్యక్షురాలిగా నియమించింది. అశోక్ అప్పట్లో తెలుగుదేశం నాయకుడు, కేంద్రంలో మంత్రిగా చేసినవాడు. రాష్ట్రంలో అప్పుడు అధికారంలో ఉన్నది వైఎస్సార్ కాంగ్రెస్. కాబట్టి ఇది కేవలం స్త్రీ సమానత్వం కోసం జరిగిందని నమ్మినవాళ్ళు తక్కువ. అలాగని సంచయిత తరఫు వాదనలో బలం లేదనలేం. తండ్రి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చిన దేశంలో, ప్రజలకు చదువు చెప్పే సంస్థకు మగవాడే పెద్దగా ఉండాలన్న షరతు ఎలా చెల్లుతుంది? అవతలివైపు వాదనకూ బలముంది. ఇది ఆస్తి పంపకం కాదు, ధర్మకర్తృత్వం. ఇచ్చినవాడు పెట్టిన క్రమాన్ని ప్రభుత్వం జీవో ఒకటి పడేసి మార్చేస్తే రేపు ఏ ట్రస్టుకి భద్రత?

2021 జూన్ 14న హైకోర్టు ఆ జీవోలను కొట్టేసింది. ఆగస్టులో అప్పీళ్ళు కూడా నిలవలేదు. అశోక్ గజపతిరాజు మళ్ళీ అధ్యక్షుడయ్యాడు. ఆ వేసవిలోనే మాన్సాస్ ఉద్యోగులు జీతాలు రావట్లేదని రోడ్డెక్కారు. నా మటుకు ఆ మొత్తం వ్యవహారంలో అసలు వార్త అదే. ట్రస్టు ఎవరి కోసం పుట్టిందో వాళ్ళ గొంతు బయటికి వినిపించిన సందర్భం అదొక్కటే. అదీ కోర్టులో కాదు, వీధిలో.

తీర్పు తప్పని నేననడం లేదు. ఉన్న దస్తావేజునీ, ఉన్న చట్టాన్నీ పక్కన పెట్టుకుని చూస్తే ప్రభుత్వం చేసింది నిలబడేది కాదు. వారసుణ్ణి తానే తయారుచేయాలన్న సర్కారు సరదా కొత్తదేమీ కాదు. 1836లో గొలుగొండలో చేసిందీ అదే. అప్పుడూ ఒక స్త్రీని ముందుపెట్టింది, ఆవిడ కోసం మాత్రం కాదు. నా ఇబ్బంది ఇంకోటి. బాబాయి గెలిచినా, అన్నకూతురు గెలిచినా, ప్రభుత్వం గెలిచినా, ట్రస్టు భూమిని కౌలుకు దున్నేవాడికీ, ఆ కాలేజీలో పాఠం చెప్పేవాడికీ, వినేవాడికీ ఈ ప్రశ్నలో చోటు లేదు. 'ఎవరు కూర్చోవాలి' అన్నదాని మీద వందల పేజీలున్నాయి. 'కూర్చున్నవారు ఎవరికి లెక్క చెప్పాలి' అన్నదాని మీద అంత శ్రద్ధ లేదు.

ఇది గాల్లో ప్రశ్న కాదు. సింహాచలం కొండ చుట్టూ అడవివరం, వెంకటాపురం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి అని అయిదు ఊళ్ళున్నాయి. 1990ల్లో అక్కడి భూమికి దేవస్థానం పేరున పట్టా వచ్చింది. సుమారు 11 వేల ఎకరాలు. అప్పటికే అక్కడ వేల కుటుంబాలు ఇళ్ళు కట్టుకుని ఉన్నాయి. ఆ ఇళ్ళను క్రమబద్ధం చేస్తామని ప్రభుత్వాలు జీవోలు ఇవ్వడం, అవి కోర్టుల్లో చిక్కుకోవడం, ప్రతి ఎన్నికకీ 'పంచగ్రామాల సమస్య' మళ్ళీ హామీగా మారడం మామూలైపోయింది. ధర్మకర్త పదవి ఎవరిదో తేల్చడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఊళ్ళలో ఇంటి మీద రెండో అంతస్తు వేసుకోవచ్చా లేదా అన్నది తేలకుండానే ఒక తరం పెద్దదైపోయింది.

మళ్ళీ కొండెక్కుదాం. టీ కొట్టావిడ పట్టా దగ్గరికి.

ముఠాదారీ పద్ధతిని ప్రభుత్వం 1969లో ఒక రెగ్యులేషన్‌తో ఎత్తేసింది. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనను 1970లో గట్టిచేసి, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదంది. ఆ కొట్టుకి కాస్త దూరంలోనే ఉన్న బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద వచ్చిందే 1997 నాటి సమత తీర్పు. ఆ నిబంధన దృష్టిలో ప్రభుత్వం కూడా ఒక 'వ్యక్తే', దానికీ ఈ భూమిని గిరిజనేతరులకు ఇచ్చే హక్కు లేదని సుప్రీంకోర్టు అంది. మాన్సాస్ తీర్పూ సమత తీర్పూ పక్కపక్కన పెట్టి చదివితే రెండూ సర్కారుతో ఒకే మాట అన్నాయి: ఇది నీ ఇష్టం కాదు. కాకపోతే ఒకటి ఆ మాటని ఒక వంశక్రమం కోసం అంది, ఇంకోటి కొండజనం కోసం అంది.

ఆ తరవాత వచ్చింది 2006 అటవీ హక్కుల చట్టం. అందులో నాలుగో సెక్షన్లో ఒక చిన్న ఉపనిబంధన ఉంది. ఈ హక్కు వారసత్వంగా వస్తుంది, అమ్మడానికీ బదలాయించడానికీ వీల్లేదు, పెళ్ళైనవారైతే భార్యాభర్తలిద్దరి పేర్లమీదా నమోదు కావాలి. దరఖాస్తు మొదట చూడాల్సింది గ్రామసభ. ఊరు కూర్చుని, అవును, ఈ చెక్క వీళ్ళు దున్నుకుంటున్నదే, అనాలి.

మొదటి రెండు షరతులూ అచ్చంగా జమీందారీ షరతులే: వారసత్వం ఉంది, అమ్మకం లేదు. జమీందారు కోసం మద్రాసు కౌన్సిల్ 1904లో రాసుకున్నదాన్నే పోడు రైతు కోసం వందేళ్ళ తరవాత పార్లమెంటు రాసింది. తేడా మిగతా రెంటిలో ఉంది. 'పెద్దవాడైన మగవాడు' స్థానంలో 'ఇద్దరూ' వచ్చింది. కచేరీ సనదు కంటే ముందు ఊరి సమ్మతి వచ్చింది. నారాయణబాబుని దాచిన నాటి, రంప ఒప్పందం నాటి ఆ రెండో కాలు ఇక్కడ మళ్ళీ మొలిచింది. ఈసారి కత్తి లేకుండా, ముఠాదారు లేకుండా.

కాగితం మీద, అని కలుపుకోవాలి. గ్రామసభ జరిగిందని సంతకాలు పెట్టించుకుని పోయే పద్ధతి మనకు తెలియనిది కాదు. పట్టాలో రెండు పేర్లున్నంత మాత్రాన కాఫీ అమ్మిన డబ్బు ఎవరి జేబులోకి పోతుందో చట్టం చూడదు. అడిగిన భూమంతా ఇచ్చారా అంటే ఏ కొండ ఊళ్ళోనైనా నవ్వుతారు. అయినా రాసిన మాటకి విలువుంది. మాన్సాస్ దస్తావేజులో ఆ ఒక్క 'మగవాడు' అన్న మాట అరవై ఏళ్ళ తరవాత ఎంత పని చేసిందో చూశాం కదా. రెండేళ్ళపాటు కోర్టుల్ని, ప్రభుత్వాన్ని, ఒక ఊరిని తన చుట్టూ తిప్పుకుంది.

సోషలిస్టైన పీవీజీ రాజు 1958లో ఆ మాట ఎందుకు రాశాడు? నా ఊహ ఏమిటంటే, ఆయన ఆలోచించి రాసి ఉండడు. మేం పాత కోడ్ నుంచి ఒక ముక్క కాపీ చేసి కొత్త ప్రోగ్రాంలో పెట్టేస్తుంటాం. పనిచేస్తున్నంతకాలం అందులో ఏముందో చూడం. ఆ పాత ముక్క పేష్కష్ కట్టే కాలానిది. ఇప్పుడు దాన్ని సరిచేయాలంటే మగవాడి బదులు స్త్రీ అని మారిస్తే చాలదు. లెక్క ఎవరికి చెప్పాలి అన్న కొత్త వాక్యం ఒకటి రాయాలి. ఉపాధ్యాయులు, పూర్వ విద్యార్థులు, భూమి దున్నేవాళ్ళు కూర్చునే గ్రామసభలాంటిది ఒకటి ఉండాలి. పెద్దకుర్చీలో పూసపాటివారే కూర్చోనీ, అభ్యంతరం లేదు. ఆ పేరంటే మా ఊరికి ఇంకా ప్రేమే.

టీ తాగేశాక ఆ కాగితాన్ని ఇంకోసారి చూస్తానని అడిగాను. పేర్ల వరసలో ముందు ఎవరిది ఉందో గమనించడం మర్చిపోయానని అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ అప్పటికే లోపల పెట్టేసింది. "పొగ తగిలితే పాడైపోద్ది బాబూ," అని, పొయ్యి మీద పాలు చూసుకోడానికి వెళ్ళిపోయింది.